లింకుల మార్పిడి దెబ్బ నుంచి మా బాబాయ్ చీరల సైట్ తేరుకున్న తీరు: నా అనుభవం

మంగళగిరిలో మా బాబాయ్‌ది చేనేత చీరల వ్యాపారం. సొంత మగ్గాలు కొన్ని, బయట నేయించేవి కొన్ని. కొన్నేళ్ల కిందట వెబ్‌సైట్ పెట్టించాడు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు గూగుల్లో మంగళగిరి చీరలని వెతికి, సైట్ చూసి, వాట్సాప్‌లో మాట్లాడి ఆర్డర్ పెట్టేవాళ్లు. ఒక ఏడాది శ్రావణమాసం దగ్గర పడుతుండగా ఆ మెసేజ్‌లు ఒక్కసారిగా తగ్గిపోయాయి. మొదటి పేజీలో కనిపించే సైట్ ఎక్కడో వెనక్కి పోయింది. నేను హైదరాబాద్‌లో ఎస్‌ఈఓ పని, అంటే గూగుల్ ఫలితాల్లో సైట్లు పైకి వచ్చేలా చూసే పని చేస్తాను కాబట్టి ఫోన్ నాకొచ్చింది.

"ఏరా, సైట్ చూసే ఏజెన్సీ వాళ్లనడిగితే అల్గారిథమ్ మారింది, రెండు నెలల్లో అదే సర్దుకుంటుందంటున్నారు. నిజమేనా?"

అల్గారిథమ్ అంటే ఫలితాల వరసను నిర్ణయించే గూగుల్ లెక్క. మా లైన్లో అన్నిటికీ పనికొచ్చే జవాబు అది. నిజమో కాదో తెలియాలంటే సెర్చ్ కన్సోల్, అంటే సైట్ గురించి గూగుల్ దాని యజమానికి చూపించే ఖాతా చూడాలి. అది బాబాయ్ దగ్గర లేదు, ఏజెన్సీ వాళ్ల ఈమెయిల్ మీద ఉంది. అడిగితే ఇవాళ, రేపు అన్నారు. అదృష్టం కొద్దీ డొమైన్, అంటే సైట్ అడ్రస్, మాత్రం బాబాయ్ పేరు మీదే కొని ఉంది. డొమైన్ అకౌంట్‌లోకి వెళ్లి, డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ అడ్రస్ సెట్టింగుల్లో, గూగుల్ ఇచ్చిన టెక్స్ట్ రికార్డ్ ఒకటి పెట్టి, సైట్ మాదేనని నిరూపించుకుని లోపలికి వెళ్లాను. మాన్యువల్ యాక్షన్స్ అన్న చోట నోటీసు ఉంది: మీ సైట్‌కు అసహజమైన లింకులు వస్తున్నాయి. నోటీసు వచ్చి చాలా వారాలైంది. అలాంటివి వచ్చినప్పుడు గూగుల్ మెయిల్ కూడా పంపుతుంది. ఆ మెయిల్ అందుకున్నవాళ్లెవరూ బాబాయ్‌కి ఒక్క మాట చెప్పలేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే.

అల్గారిథమ్ వల్ల సైట్ పడిపోతే ఎవరూ నోటీసు ఇవ్వరు. మాన్యువల్ యాక్షన్ అలా కాదు. గూగుల్‌లో మనిషి చూసి వేసేది. దానికి కారణం రాసి ఉంటుంది, సరిచేసుకుని మళ్లీ చూడమని అడిగే దారి కూడా ఉంటుంది. ఆ లెక్కన నోటీసు కనపడటం ఒక రకంగా మాకు మేలే.

బాబాయ్ ఏజెన్సీకి నెలనెలా కట్టిన బిల్లులు తీయించాను. అన్నిటి మీదా ఒకటే లైను: నెలకు ఇన్ని బ్యాక్‌లింకులు, డొమైన్ అథారిటీ ముప్పైకి పైన. బ్యాక్‌లింకులంటే వేరే సైట్ల నుంచి మనకు వచ్చే లింకులు. ఈ డొమైన్ అథారిటీ అనేది మోజ్ అనే కంపెనీ సొంతంగా లెక్కగట్టే అంకె. గూగుల్ దాన్ని వాడదు. కానీ చిన్న వ్యాపారులకు ప్యాకేజీలు అమ్మేవాళ్లు దాన్ని గూగుల్ ఇచ్చిన మార్కుల్లా చూపిస్తారు. ఏ సైట్లలో లింకులు పెట్టారో జాబితా ఏదీ బాబాయ్‌కి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆ ఆదివారం మంగళగిరి వెళ్లి, షాపులో కూర్చుని అసలు సంగతి మొదటి నుంచీ చెప్పాను. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గే బ్రిన్ పేజ్‌ర్యాంక్ పద్ధతిని బయటపెట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇచ్చిందంటే దాన్ని మెచ్చుకున్నట్టు లెక్క. ఎక్కువమంది మెచ్చుకున్న పేజీ మెచ్చుకుంటే దానికి ఇంకాస్త ఎక్కువ విలువ. పరిశోధన వ్యాసాలను వేరే పరిశోధకులు ఎంతగా ఉటంకిస్తారో చూసి విలువ కట్టే పద్ధతి లాంటిదే ఇదీను. లింకుకు విలువ వచ్చేసరికి దాన్ని కొనడం, అమ్మడం, ఇచ్చిపుచ్చుకోవడం మొదలయ్యాయి. నువ్వు నాకు లింకిస్తే నేను నీకిస్తాను. దానికోసమే 'పార్ట్‌నర్స్' అనే పేజీలు పుట్టుకొచ్చాయి.

బాబాయ్ ఠక్కున అందుకున్నాడు. "అంటే పెళ్లి చదివింపులన్నమాట. వాడు మనకి నూటపదహార్లు రాయిస్తే మనం వాడింటి పెళ్లికి నూటపదహార్లు."

"అంతే బాబాయ్. కాకపోతే ఊళ్లో అందరి చదివింపుల పుస్తకాలూ గూగుల్ దగ్గరే ఉన్నాయి. ఎవరు ఎవరికి ఎంత రాయించారో పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది."

ఎదురెదురు లింకులు పట్టేసుకోవడం సులువని తెలిశాక జనం మూడు చేతుల పద్ధతి పట్టుకున్నారు. మొదటి సైట్ రెండోదానికి ఇస్తుంది, రెండోది మూడోదానికి, మూడోది తిరిగి మొదటిదానికి. ఏ ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకున్నట్టు కనిపించదు. బాబాయ్ సైట్‌కు ఎక్కువగా చేసింది ఇదే. అయితే వెబ్ మొత్తాన్నీ గ్రాఫ్‌గా, అంటే చుక్కలూ గీతలుగా గీసుకుని చూసేవాళ్లకు మూడు సైట్ల చక్రం కూడా చక్రమే. 2004లోనే స్టాన్‌ఫర్డ్, యాహూ పరిశోధకులు ట్రస్ట్‌ర్యాంక్ అనే పద్ధతి ప్రతిపాదించారు. మనుషులు స్వయంగా చూసి మంచివని తేల్చిన కొన్ని సైట్ల దగ్గర మొదలుపెట్టి, వాటి లింకుల వెంట నమ్మకం ఎంత దూరం పారుతుందో లెక్కగడతారు. తమలో తాము లింకులిచ్చుకునే గుంపు ఎంత పెద్దదైనా, బయటి మంచి సైట్లేవీ దాన్ని తలవకపోతే అక్కడికి నమ్మకం చేరదు. గూగుల్ లోపల సరిగ్గా ఏం వాడుతుందో బయటికి చెప్పదు గానీ, ఇంత దారి ఇరవై ఏళ్ల కిందటే తెలుసని బాబాయ్‌కి అర్థమైతే చాలనుకున్నాను.

ఇక జాబితా. సెర్చ్ కన్సోల్‌లో లింకుల రిపోర్ట్ నుంచి షీట్ దించుకున్నాను. అది మొత్తం లింకులు చూపదు, కొంత భాగమే ఇస్తుంది. అందుకని లింకులు వెతికిపెట్టే ఏహెచ్‌రెఫ్స్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో జాబితా తీసి రెండూ కలిపాను. వరసలు వందల్లో ఉన్నాయి. చెడ్డ లింకులివీ అంటూ సాఫ్ట్‌వేర్ ఇచ్చే 'టాక్సిక్' స్కోర్లను నమ్మి గుండుగుత్తగా కొట్టేయడం నాకిష్టం లేదు. వాటిలో బాబాయ్ చీరలు నిజంగా కట్టుకుని రాసినవాళ్లు కూడా ఉండొచ్చు. అందుకే ఒక్కో పేజీ తెరిచి చూశాను.

చూస్తూ పోతే ఎవరికైనా తెలిసిపోతుంది. షీట్‌ను తేదీల వారీగా సర్దితే, నెలల తరబడి ఏమీ లేక, ఒకే వారంలో బోలెడు లింకులు. నీలి రంగులో ఉన్న మాట, అంటే యాంకర్ టెక్స్ట్, దాదాపు అన్నిట్లో ఒకటే: 'బయ్ మంగళగిరి కాటన్ శారీస్ ఆన్‌లైన్'. నిజంగా మెచ్చుకుని రాసేవాళ్లు షాపు పేరు రాస్తారు, లేదంటే 'వీళ్ల దగ్గర కొన్నాను' అంటారు. కొనుగోలు పదబంధాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎవరూ రాయరు. సైట్లు చూస్తే జైపూర్‌లో ప్యాకర్స్ అండ్ మూవర్స్, ఎక్కడిదో డెంటల్ క్లినిక్, మనాలీ టాక్సీలు, పర్సనల్ లోన్లు. చాలావాటికి ఒకే టెంప్లేట్, కింద ఒకే వరసలో పార్ట్‌నర్ల పేర్లు. వాటర్ ప్యూరిఫయర్ ఎలా ఎంచుకోవాలన్న వ్యాసం ఒకటి తెరిస్తే మూడో పేరాలో ఇలా ఉంది: 'శుభ్రమైన నీరు తాగితే ఆరోగ్యం బాగుంటుంది, అలాగే బయ్ మంగళగిరి కాటన్ శారీస్ ఆన్‌లైన్ వల్ల వేసవిలో హాయిగా ఉంటుంది.' పాత వ్యాసంలోకి తర్వాత దూర్చిన వాక్యం అది. ఈ వాక్యం చదివి వినిపిస్తే బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. నిజాం అంచు తీరు చెడకూడదని మగ్గం దగ్గరే నిలబడి చూసుకునే మనిషి. ఆయన సరుకు పేరు అలాంటి చోట పడి ఉందంటే కష్టంగానే ఉంటుంది.

మా సైట్‌లో కూడా పార్ట్‌నర్స్ పేజీ ఉంది. మెనూలో కనపడదు, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అందులోంచి వాళ్లందరికీ లింకులు. మన సైట్ నుంచి వెళ్లే అసహజ లింకులకు గూగుల్‌లో వేరే నోటీసే ఉంది, అది కూడా వచ్చేలోపే ఆ పేజీని పూర్తిగా తీసేశాను. నోఫాలో, అంటే ఈ లింకును మెచ్చుకోలుగా లెక్కించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు, పెట్టి ఉంచొచ్చు కదా అని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. నోఫాలో 2005 నుంచీ ఉంది, డబ్బు తీసుకుని పెట్టే లింకులకు 2019లో స్పాన్సర్డ్ అనే గుర్తు కూడా వచ్చింది. ప్రకటనలకు అవి సరైన దారే. కానీ ఈ పేజీ చదివే మనిషికి దేనికీ పనికిరాదు. అలాంటిది ఉంచడమెందుకు?

ఒక చోట మాత్రం బాబాయ్‌తో వాదించాల్సి వచ్చింది. మాకు రంగు నూలు సరఫరా చేసే ఆయనకు చిన్న సైట్ ఉంది. ఆయన మా పేరు రాశాడు, మేం ఆయన పేరు రాశాం. బాబాయ్ భయపడి అదీ తీసేయమన్నాడు. వద్దన్నాను. గూగుల్ నియమాల్లో ఉన్నది మితిమీరిన లింకుల మార్పిడి గురించి, కేవలం లింకుల కోసం పెట్టిన పార్ట్‌నర్ పేజీల గురించి. ఏళ్ల తరబడి సరుకు ఇచ్చిపుచ్చుకునే ఇద్దరు ఒకరి గురించి ఒకరు రాసుకోవడం మామూలు విషయం. అది ఈరోజుకీ అలాగే ఉంది.

తర్వాత చెడ్డ లింకులు తీసేయమని అడగడం. ఈ పనిలో నిజమైన శ్రమ ఇక్కడే. కాంటాక్ట్ ఫారాలు పనిచేయవు, మెయిళ్లు వెనక్కి వస్తాయి. ఎవరికి ఏ తేదీన రాశానో, ఏం జవాబొచ్చిందో గూగుల్ షీట్‌లో రాసుకుంటూ పోయాను. చాలామంది పలకలేదు. కొందరు లింకు తీయడానికి డబ్బడిగారు. పెట్టడానికి ఒకసారి, తీయడానికి ఇంకోసారి. ఒక్క రూపాయి ఇవ్వలేదు, అడిగినట్టు షీట్‌లో రాసి పెట్టుకున్నాను.

రాజమండ్రి నుంచి వంటల సైట్ నడిపే ఒకావిడ మాత్రం నా మెయిల్ చూసి ఫోన్ చేశారు. "బాబూ, నాకూ ఇలాంటి నోటీసే వచ్చింది. ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నాను. మీ చీరల లింకు నా పులిహోర పేజీలోకి ఎలా వచ్చిందో నాకు నిజంగా తెలీదు" అన్నారు. ఆవిడకూ అదే ఏజెన్సీ. సైట్ మెయింటెనెన్స్ అని చెప్పి పాస్‌వర్డ్ తీసుకుని, ఆవిడ రాసుకున్న వంటల్లోకి క్లయింట్ల లింకులు దూర్చారు. ఆవిడది తన సైట్ నుంచి బయటికి వెళ్లే లింకుల నోటీసు, మాది లోపలికి వచ్చే వాటిది. ఒకే గొలుసులో రెండు కొసలన్నమాట. అమ్మా, ముందు పాస్‌వర్డ్ మార్చండని చెప్పి, ఏయే పేజీల్లో ఏమున్నాయో వెతికి పంపాను. రెండు రోజుల్లో అన్నీ తీసేశారావిడ.

తీయించలేకపోయినవాటికి డిజవో ఫైల్. 2012 అక్టోబర్‌లో గూగుల్ ఈ సౌకర్యం తెచ్చింది. మామూలు టెక్స్ట్ ఫైల్, లైనుకొక సైట్ పేరు, ముందు డొమైన్ అని రాసి కోలన్ పెట్టాలి. ఈ సైట్ల లింకులను మా ఖాతాలో లెక్కించొద్దని చెప్పడమే దీని పని. ఇది ఎవరు పడితే వారు వాడాల్సింది కాదు. మాన్యువల్ యాక్షన్ వచ్చినవాళ్లు, వచ్చేలా లింకులు కట్టించుకున్నవాళ్లు తప్ప మామూలు సైట్లకు దీని అవసరం లేదని గూగులే చెబుతుంది. మంచి లింకును ఇందులో రాస్తే దాని బలం మనమే పోగొట్టుకున్నట్టు.

ఆ తర్వాత పునఃపరిశీలన కోరుతూ అభ్యర్థన. అందులో కథలు అక్కర్లేదు. ఏం జరిగింది, ఏం చేశాం, రుజువేమిటి, ఇంతే. ఏజెన్సీతో ఒప్పందం ఆపేశామని, పార్ట్‌నర్స్ పేజీ తీసేశామని, ఇన్ని సైట్లకు రాశామని చెప్పి, షీట్ ఎవరైనా తెరిచి చూసేలా పెట్టి, దాని లింకు ఇచ్చాను. చూసేది మనిషి కాబట్టి మనిషికి రాసినట్టే రాశాను.

జవాబు కోసం చూస్తున్న రోజుల్లో బాబాయ్ టెన్షన్ అంతా ఇంతా కాదు. రోజూ ఫోన్. పెద్దవాళ్లకు కూడా ఇలా జరిగిందా అని అడిగితే చెప్పాను. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల కంపెనీకి వేలకొద్దీ సంబంధం లేని సైట్ల నుంచి లింకులున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టాక, గూగుల్ వాళ్లను ఫలితాల్లో బాగా కిందికి దించింది. 2013 డిసెంబర్‌లో పాటల సాహిత్యం సైట్ ర్యాప్ జీనియస్ తన లింకులు పెట్టిన బ్లాగర్లకు ట్విట్టర్‌లో ప్రచారం చేస్తానని మాటిచ్చింది. అది బయటపడి క్రిస్మస్ రోజున వాళ్ల సొంత పేరు కొట్టినా పైన కనపడకుండా పోయింది. వాళ్లు ప్రోగ్రామ్ రాసి లక్షకు పైగా పేజీలు వడపోసి, సుమారు పది రోజుల్లో తిరిగొచ్చారు.

"పది రోజులా? మరి మనకేంట్రా ఇన్నాళ్లు?" అన్నాడు బాబాయ్. ఆయన అడిగిందాంట్లో న్యాయముంది. అంతమంది ఇంజనీర్లున్న కంపెనీ, వార్తల్లో నానిన వ్యవహారం అది. మంగళగిరిలో చీరల షాపుకు అంత తొందరగా పని జరగదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుందని గూగుల్ ముందే చెబుతుంది.

మొదటి అభ్యర్థన తిప్పి పంపారు. ఇంకా ఉన్నాయంటూ నమూనాగా రెండు మూడు లింకులిచ్చారు. అవి మా రెండు జాబితాల్లోనూ లేనివి. వాటిని పట్టుకుని చూస్తే అదే టెంప్లేట్‌తో ఇంకో గుంపు సైట్లు దొరికాయి. ఆ గుంపు సైట్ల అడుగున ఉన్న పార్ట్‌నర్ల పేర్ల వెంట ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తూ జాబితా పెంచాను. గూగుల్ వాళ్ల కంటికి గుంపు ఎలా కనిపిస్తుందో ఆ రాత్రి నాకు స్పష్టంగా తెలిసింది. ఒక లింకును చూస్తే ఏమీ చెప్పలేం. దాని పక్కన ఎవరున్నారు, వాళ్లు ఎవరికి ఇస్తున్నారు, ఏ మాటతో ఇస్తున్నారు అని చూస్తే దాచడానికి ఏమీ మిగలదు. మళ్లీ మెయిళ్లు, మళ్లీ షీట్, డిజవో ఫైల్‌లో కొత్త లైన్లు, మళ్లీ అభ్యర్థన. ఈసారి ఎత్తేశామని జవాబొచ్చింది.

నోటీసు పోయిన మర్నాడే సైట్ పైకొస్తుందని బాబాయ్ ఆశ. అలా జరగలేదు. షాపు పేరు కొడితే మాత్రం మునుపటిలా వచ్చింది. మంగళగిరి చీరలని కొడితే రెండో పేజీ, మూడో పేజీ. సైట్‌ను అప్పట్లో పైకి ఎత్తిపెట్టిన వాటిలో ఆ లింకుల వంతు కూడా ఉంది. అవి పోయాక సొంత బలం ఎంతో అంతే మిగిలింది. ఈ మాట క్లయింట్లకు ముందే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను, చాలామంది చెప్పరు.

పైగా రోజులు మారాయి. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చినప్పుడు చెడ్డ లింకులున్న సైట్లను కిందికి తోసేవాళ్లు. 2016 సెప్టెంబర్ నుంచి అది ఎప్పటికప్పుడు నడిచేలా మారింది, సైట్‌ను తోసేయడం కన్నా ఆ లింకులకు విలువ తీసేయడం ఎక్కువైంది. 2022 డిసెంబర్‌లో స్పామ్‌బ్రెయిన్ అనే ఏఐ వ్యవస్థను లింకుల మీద కూడా పెట్టి, లింకులు కొనే సైట్లతో పాటు లింకులు పంచడానికే పెట్టిన సైట్లను కూడా పట్టుకుంటుందని ప్రకటించారు. అంటే ఇప్పుడు ప్యాకేజీ కొంటే నోటీసు రాకపోయినా, చాలావరకు డబ్బు మాత్రం నేలపాలు. ఎందుకు ఎదగడం లేదో తెలియకుండానే నెలనెలా కడుతూ పోవాలి. చిన్న వ్యాపారికి ఇదే ఎక్కువ నష్టమని నాకనిపిస్తుంది.

ఆ డబ్బుతో వేరే పని చేద్దామన్నాను. పవర్‌లూమ్ చీరను మంగళగిరి చేనేత అని అమ్మేవాళ్ల మీద బాబాయ్‌కి ఎప్పటినుంచో మంట. తేడా ఎలా కనిపెట్టాలో ఆయన చేతే చెప్పించి, ఫొటోలు తీసి ఒక పేజీ పెట్టాం. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా బిగించే బద్ద ముళ్లు దిగి, అంచుల వెంబడి సన్నటి రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రాలను దగ్గర నుంచి తీసిన ఫొటో అందులో ఉంది. గుంట మగ్గం మీద కూర్చుని నేసే తీరు చిన్న వీడియో. మేమెవర్నీ అడగలేదు. ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలు ప్రాజెక్టుల్లో దానికి లింకిచ్చారు, విదేశాల్లో చీరలంటే ఇష్టమున్న ఒకరిద్దరు తమ సైట్లలో రాశారు. వాళ్లు వాడిన మాటలు ఒకదానికొకటి పోలవు. ఒకరు 'ముళ్ల రంధ్రాల ఫొటో ఇక్కడ చూడండి' అని రాశారు. రెండో శ్రావణమాసానికి సైట్ మొదటి పేజీ అడుగుకు చేరింది.

ఇప్పుడు సెర్చ్ కన్సోల్‌కు యజమాని బాబాయ్ సొంత జీమెయిలే. పనిచేసేవాళ్లకు పరిమిత అనుమతి ఇస్తాం, పని మానేస్తే తీసేస్తాం. కొత్తగా ప్రచారం చూస్తున్న కుర్రాడితో రాసుకున్న కాగితంలో ఒక షరతు పెట్టించాను: బయట ఎక్కడ మన పేరు రాయించినా ఆ పేజీ అడ్రస్ నెలాఖరు బిల్లుతో పాటే ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ బిల్లు కట్టం. రాజమండ్రి ఆవిడ నోటీసు కూడా పోయింది. ఆవిడ ఏజెన్సీ బిల్లులన్నీ నాకు పంపారు. వాటిలోనూ అదే లైను, అదే ముప్పై.